మేకప్ పెట్టె ముందు రెండు ప్రశ్నలు

ముఖానికి, కళ్లకు, పెదవులకు వాడే అలంకరణ సామగ్రిని ఎంచుకునే విషయంలో ఈ మధ్యకాలంలో రెండు కోరికలు తరచుగా వినిపిస్తున్నాయి. ఆ వస్తువు చర్మానికి హాని చేయనిదై ఉండాలన్నది మొదటిది, పర్యావరణానికి హాని చేయనిదై ఉండాలన్నది రెండోది. రెండూ న్యాయమైన కోరికలే గాని, వాటిని ఒకే కోరికగా భావించి, డబ్బా మీద పచ్చని ఆకు బొమ్మ కనిపించగానే రెండూ తీరినట్టేనని నమ్మడం దగ్గర చిక్కు మొదలవుతుంది. చర్మానికి ఎంతో సౌమ్యంగా ఉండే పదార్థం ప్రకృతిలో చాలాకాలం విచ్ఛిన్నం కాకుండా మిగిలిపోవచ్చు. చెట్టు నుంచి వచ్చి మట్టిలో సులువుగా కలిసిపోయే పదార్థం చర్మం మీద దద్దుర్లు లేపవచ్చు. అందువల్ల ప్రతి వస్తువు ముందూ ఈ రెండు ప్రశ్నలను విడివిడిగా వేసుకోవలసి ఉంటుంది.

మొదటి ప్రశ్న చర్మానిది. చర్మపు పైపొర మృతకణాలతోనూ, వాటి నడుమ సందులను పూడ్చే కొవ్వు పదార్థాలతోనూ ఏర్పడిన సన్నని కవచం. స్వల్పంగా ఆమ్లగుణం కలిగిన ఆ పొర లోపలి తేమను బయటికి పోనివ్వకుండా, బయటి పదార్థాలను లోపలికి రానివ్వకుండా కాపాడుతుంది. ఆ కవచం అన్నిచోట్లా ఒకే మందంలో ఉండదు. కనురెప్పల మీద అది చాలా పలచన గనుక, గోళ్లకు వేసుకున్న రంగు గోళ్ల దగ్గర ఏ ఇబ్బందీ కలిగించకపోయినా, అదే వేలు కంటిని తాకినప్పుడు రెప్ప మీద దద్దురు లేవడం చర్మవైద్యులకు పరిచితమైన విషయమే. అలంకరణ సామగ్రి వల్ల వచ్చే బాధలు ప్రధానంగా రెండు రకాలు. పదార్థం నేరుగా చర్మకణాలను దెబ్బతీయడం వల్ల కలిగే మంట ఒకటి. ఇది ఎవరికైనా రావచ్చు, మోతాదును బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. రెండోది అలర్జీ, అంటే శరీర రక్షణ వ్యవస్థ ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకొని, ఆ తరువాత అది కొద్దిపాటి మోతాదులో తగిలినా తిరగబడటం. అలా గుర్తుపెట్టుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పట్టవచ్చు కాబట్టి, ఇన్నాళ్లూ పడిన క్రీము ఇప్పుడెందుకు పడదన్న వాదన వైద్యుని దగ్గర నిలవదు.

సహజమైనది కాబట్టి హానిలేనిదన్న నమ్మకాన్ని సరిచూసుకోవడానికి తెలుగువారు ఎంతో దూరం వెళ్లనక్కరలేదు. పూర్వం నాటక ప్రదర్శనల్లో ముఖానికి పసుపు ఛాయ తెచ్చేందుకు వాడిన అరిదళం భూమిలో దొరికే సహజ ఖనిజమే. రసాయన పరిభాషలో అది ఆర్సెనిక్, గంధకాల సమ్మేళనం. కళ్లకు పెట్టుకునే సుర్మాలో కొన్ని రకాలను గెలీనా అనే ఖనిజాన్ని నూరి తయారు చేస్తారు. గెలీనా అంటే సీసపు ముడిఖనిజం, అంటే కంటికి పెట్టేది సీసమే. ఆముదపు దీపం మసిని పట్టి, ఆముదంలోనో నేతిలోనో రంగరించి చేసుకునే ఇంటి కాటుక వీటికంటే భిన్నమైనది, అందులో సీసం ఉండవలసిన పని లేదు. అయినా ఊరూపేరూ లేని పొట్లంలో వచ్చిన నల్లటి పొడి మసిదో ఖనిజానిదో కంటితో చూసి చెప్పడం సాధ్యం కాదు. భారతదేశంలో 2020లో వెలువడిన సౌందర్య సాధనాల నియమావళి రంగు కోసం సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలు వాడటాన్ని నిషేధించింది. పాదరసం అనుకోకుండా కలిసినా సాధారణ సామగ్రిలో పది లక్షల భాగాలకు 1 భాగాన్ని, కంటి సామగ్రిలో 70 భాగాలను మించరాదని హద్దు పెట్టింది. చర్మాన్ని తెల్లబరుస్తామని చెప్పుకొనే క్రీముల్లో పాదరసం ఈ హద్దును ఎన్నో రెట్లు దాటి బయటపడిన సందర్భాలు పలు దేశాల్లో ఉన్నాయి గనుక, తయారీదారు పేరు, లైసెన్సు సంఖ్య, పదార్థాల పట్టిక లేని డబ్బాను ఎంత చవకగా వచ్చినా కొనకపోవడమే క్షేమం.

సంప్రదాయ వస్తువు మార్కెట్ వస్తువుగా మారినప్పుడు అందులో ఏమి చేరుతుందన్నది ఇంకా శ్రద్ధగా గమనించవలసిన సంగతి. పసుపును సున్నం వంటి క్షారంతో కలిపితే ఎరుపెక్కుతుంది, పాతకాలపు కుంకుమ తయారీ వెనుక ఉన్న రసాయన శాస్త్రం అదే. కాని అంగడిలో దొరికే కుంకుమల్లో పలు రకాలు కృత్రిమ రంగులతో తయారవుతున్నవి. స్టిక్కర్ బొట్టు వెనుక ఉండే జిగురులో పారా-టెర్షియరీ-బ్యూటైల్‌ఫినాల్ అనే పదార్థం ఉన్నప్పుడు, అది రంగునిచ్చే కణాలను దెబ్బతీసి, నుదుట సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట తెల్లమచ్చను మిగల్చడం భారతీయ చర్మవైద్య గ్రంథాల్లో బాగా నమోదైన విషయం. గోరింటాకు సంగతీ అంతే. ఆకులో ఉండే లాసోన్ అనే వర్ణకం మొదట నారింజ ఛాయలో అంటి, ఒకటి రెండు రోజుల్లో ముదురు ఎరుపుగా పండుతుంది. గంటలోపే కారునలుపుగా పండే కోన్‌లో సాధారణంగా పారా-ఫినిలీన్‌డయామిన్ అనే జుట్టు రంగు పదార్థం కలిసి ఉంటుంది. పెళ్లిలో ఒకసారి పెట్టుకున్న నల్లని కోన్ వల్ల ఈ పదార్థానికి అలర్జీ ఏర్పడితే, నడివయసులో జుట్టుకు రంగు వేసుకునే రోజున ముఖమంతా వాచిపోయే ప్రమాదం పొంచి ఉంటుంది. అమెరికాలో 1930ల తొలినాళ్లలో లాష్ లూర్ అనే కనురెప్పల వెంట్రుకల రంగు ఇదే పదార్థం వల్ల కొందరి చూపును దెబ్బతీసింది. అక్కడ సౌందర్య సాధనాలను తొలిసారిగా కేంద్ర చట్టం పరిధిలోకి తెచ్చిన 1938 నాటి శాసనానికి దారితీసిన కారణాల్లో ఆ ఉదంతం ఒకటి.

ఇక నేటి మేకప్ సామగ్రిలో అలర్జీకి తరచుగా కారణమయ్యేది రంగు కాదు, పరిమళం. లావెండర్, నారింజ తొక్క, నిమ్మగడ్డి వంటి వాటి నుంచి తీసిన తైలాల్లో లినలూల్, లిమోనీన్ అనే పదార్థాలు ఉంటాయి. తాజాగా ఉన్నప్పుడు ఇవి అంతగా బాధించవు గాని, సీసా మూత తీసి గాలి తగిలిన కొద్దీ ఆక్సీకరణ చెంది అలర్జీ కలిగించే రూపానికి మారతాయి. చెట్టు నుంచి వచ్చిన లినలూల్‌కు, కర్మాగారంలో తయారైన లినలూల్‌కు ఈ విషయంలో తేడా లేదు. ఐరోపా సమాఖ్య 2005 నుంచి 26 పరిమళ పదార్థాలను పేరుపేరునా పట్టికలో చూపాలని నిర్బంధించి, 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచింది. సున్నితమైన చర్మం గలవారు పరిమళం లేని వస్తువును ఎంచుకోవడం ఖర్చులేని జాగ్రత్త. ఇక్కడ ఒక మెలిక ఉన్నది: వాసన తెలియదని చెప్పుకొనే కొన్ని వస్తువుల్లో ముడిసరుకు వాసనను కప్పిపుచ్చేందుకు మరో పరిమళం కలుపుతారు గనుక, పట్టికలో పర్ఫ్యూమ్ లేదా ఫ్రాగ్రెన్స్ అన్న మాట లేకపోవడమే అసలైన గుర్తు.

నీరు కలిసిన ఏ క్రీములోనైనా, ఫౌండేషన్‌లోనైనా బాక్టీరియా, బూజు పెరగకుండా నిల్వకారకం ఒకటి ఉండి తీరాలి. అది లేని వస్తువు కంటికి ఎక్కువ ప్రమాదకరం. ఈ నిల్వకారకాల చరిత్రలో ప్రజల భయం ఒక దారిన, ప్రమాదం మరొక దారిన నడిచాయి. బ్రిటన్‌లో 2004లో వెలువడిన ఒక పరిశోధన 20 రొమ్ము కణితి నమూనాల్లో పారాబెన్ల జాడను కనుగొన్నది. వ్యాధి లేని కణజాలంతో పోల్చి చూడని ఆ పరిశోధన కార్యకారణ సంబంధాన్ని నిరూపించలేదు, నిరూపించామని చెప్పుకోనూ లేదు. అయినా ప్రపంచమంతటా పారాబెన్ రహితం అన్న ముద్ర అమ్మకపు మంత్రమైంది. పారాబెన్లను తీసివేసిన చోట పలు సంస్థలు మిథైల్ ఐసోథయజోలినోన్ అనే నిల్వకారకాన్ని చేర్చగా, అలర్జీ కేసులు పెరిగిపోయి, అమెరికా స్పర్శచర్మవ్యాధుల వైద్యసంఘం 2013లో దానిని ఆ సంవత్సరపు అలర్జీ కారకంగా ప్రకటించింది. పూసుకొని వదిలేసే సామగ్రిలో దాని వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2017లో నిషేధించింది. అదే వైద్యసంఘం 2019లో పారాబెన్లను అలర్జీ కలిగించనివాటిగా ఎంపిక చేయడం గమనార్హం. పారాబెన్లన్నీ నిర్దోషులని దీని అర్థం కాదు. హార్మోన్లపై వాటి స్వల్ప ప్రభావాన్ని దృష్టిలో పెట్టుకొని ఐరోపా 2014లో ఐదు రకాలను నిషేధించి, మరి రెండింటి మోతాదును తగ్గించింది. ఒక పదార్థం లేదన్న ప్రకటన చదివినప్పుడు, దాని స్థానంలో ఏది వచ్చిందన్న ప్రశ్న వెంటనే పుట్టాలి.

ఆ ప్రశ్నకు జవాబు డబ్బా ముందువైపు దొరకదు, వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఉన్న పట్టికలో దొరుకుతుంది. దాన్ని చదవడానికి రసాయన శాస్త్ర పట్టా అవసరం లేదు. 1 శాతానికి మించిన పదార్థాలను మోతాదు తగ్గే వరుసలో రాయాలి, 1 శాతం గాని అంతకు తక్కువ గాని ఉన్నవాటిని వాటి తరువాత ఏ వరుసలోనైనా రాయవచ్చు, ఇది నియమం. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వకారకానికి గరిష్ఠ పరిమితి 1 శాతమే గనుక, పట్టికలో దాని పేరు తరువాత వచ్చినవేవీ 1 శాతాన్ని మించి ఉండవు. పెట్టె మీద పెద్ద బొమ్మ వేసిన కుంకుమపువ్వో, కలబందో ఆ పేరుకు దిగువన కనిపిస్తే, దాని భాగం ఎంతో కొనేవారికి వెంటనే బోధపడుతుంది. రంగులు చివరన సి.ఐ. అనే అక్షరాలతో, అంకెలతో వస్తాయి: 77491, 77492, 77499 ఇనుప ఆక్సైడ్లు, అంటే తుప్పుకు దగ్గరి బంధువులైన ఎరుపు, పసుపు, నలుపు వర్ణకాలు, 77891 టైటానియం డయాక్సైడ్, 77019 అభ్రకం, 75470 కార్మైన్, ఇది నాగజెముడు జాతి మొక్కలపై బతికే పురుగుల నుంచి, ముఖ్యంగా పెరూ దేశంలో, తీసే ఎరుపు. శాకాహార నియమం పాటించేవారు లిప్‌స్టిక్ కొనేటప్పుడు చూడవలసిన అంకె ఈ చివరిదే. అది కొందరికి అలర్జీ కూడా కలిగిస్తుంది. ఇనుప ఆక్సైడ్లు మాత్రం సౌమ్యమైనవి, పైగా చర్మంపై పడే, కంటికి కనిపించే కాంతిని కొంత అడ్డుకోగలవు గనుక, మంగుమచ్చలతో బాధపడేవారికి రంగు కలిసిన సన్‌స్క్రీన్ తెల్లనిదానికంటే ఎక్కువగా ఉపకరిస్తుంది. పౌడరు రూపంలోని సామగ్రిలో ప్రధాన భాగం టాల్క్, అంటే బడిపిల్లలు పలకమీద రాసే బలపానికి మూలమైన మెత్తని రాయి. గనిలో అది ఆస్బెస్టాస్‌తో కలిసి దొరకవచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2024లో టాల్క్‌ను బహుశా క్యాన్సర్ కారకం కాగల పదార్థాల వర్గంలో చేర్చింది కాబట్టి, పీల్చేంతగా పౌడరును ఎగజల్లుకోవడం మానుకోదగిన అలవాటు.

రెండో ప్రశ్న ప్రకృతిది. అది వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, కడిగేశాక ఎక్కడికి పోతుంది అన్న రెండు దిక్కులను చూస్తుంది. పోయే దిక్కు ముందుగా చెప్పుకోవాలి. ఫౌండేషన్‌కు, ప్రైమర్‌కు పట్టులాంటి నునుపునిచ్చే సైక్లోపెంటాసిలోక్సేన్ అనే సిలికోన్ ద్రవం చర్మాన్ని దాదాపు బాధించదు. కాని అది ప్రకృతిలో సులువుగా విచ్ఛిన్నం కాదు, జీవుల దేహాల్లో పోగుపడుతుంది. ఐరోపా సమాఖ్య దానిని కడిగేసే సామగ్రిలో 2020 నుంచి పరిమితం చేసి, పూసుకొని వదిలేసే సామగ్రికీ 2027 నుంచి ఆ పరిమితిని విస్తరించింది. నీటికి చెదరని మేకప్ సంగతి ఇంకా గంభీరమైనది. అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా, కెనడాల్లో కొన్న 231 వస్తువులను పరీక్షించి 2021లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నీటికి చెదరని మస్కారాల్లో 82 శాతంలోనూ, ఫౌండేషన్లలో 63 శాతంలోనూ ఫ్లోరిన్ అధిక స్థాయిలో ఉన్నది. పీఫాస్ అని పిలిచే ఫ్లోరిన్ సమ్మేళనాల కుటుంబానికి అది సూచిక. కర్బనానికి ఫ్లోరిన్‌కు మధ్య ఉండే బంధం అతి దృఢమైనది గనుక ఇవి ప్రకృతిలో దాదాపు నశించవు. మరింత లోతుగా పరీక్షించిన 29 వస్తువులన్నిటిలోనూ ఇవి దొరికినా, పట్టికలో పేర్కొన్నది ఒక్క వస్తువే. పట్టిక నమ్మదగినదే గాని సర్వజ్ఞమైనది కాదని ఈ పరిశోధన చెబుతున్నది. న్యూజిలాండ్ 2026 చివరికల్లా సౌందర్య సాధనాల్లో పీఫాస్‌ను నిషేధించాలని నిర్ణయించింది. కొనేవారు చేయగలిగినదల్లా పట్టికలో ఫ్లోరో అన్న శబ్దం ఎక్కడ కనిపించినా వదిలేయడం, రోజంతా చెదరని మేకప్ నిజంగా ఎన్ని రోజులు అవసరమో ఆలోచించుకోవడం.

మెరుపుల సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. సాధారణ గ్లిట్టర్ అంటే అల్యూమినియం పూత పూసిన ప్లాస్టిక్ రేకు ముక్కలు. ముఖం రుద్దుకునే సామగ్రిలోని ప్లాస్టిక్ పూసలను అమెరికా 2015 నాటి చట్టంతో తొలగించింది. ఐరోపా 2023లో సూక్ష్మప్లాస్టిక్‌లపై విస్తృతమైన ఆంక్షలు తెచ్చినా, ముఖానికి, పెదవులకు, గోళ్లకు వాడే మేకప్‌కు 2035 వరకు గడువిచ్చింది. ఆ గడువు అవసరమైనదానికంటే ఎక్కువ. నైలాన్-12, పాలీఇథిలీన్ అన్న పేర్లను గుర్తుపట్టే కొనుగోలుదారు అంతవరకు ఆగనక్కరలేదు.

ప్లాస్టిక్ మెరుపు వద్దనుకుంటే మిగిలేది అభ్రకం, దానితో వస్తువు వచ్చే దిక్కును గురించిన ప్రశ్న ముందుకు వస్తుంది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని గూడూరు ప్రాంతం ఒకప్పుడు ఈ ఖనిజానికి దేశదేశాల్లో పేరు గడించింది. విద్యుత్ పరికరాల్లో వాడే పెద్ద పలకలకు అప్పుడు గిరాకీ. సౌందర్య సాధనాలకు కావలసింది తునకలు, పొడి. ఆ తునకలను ఝార్ఖండ్‌లోని కోడర్మా, గిరిడీ ప్రాంతాల్లో మూతపడిన గనుల నుంచి పేద కుటుంబాలు పిల్లలతో సహా ఏరి అమ్ముతుంటాయి. థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ 2016లో జరిపిన పరిశోధన అటువంటి గనుల్లో రెండు నెలల వ్యవధిలో ఏడుగురు పిల్లలు మరణించారని వెల్లడించింది. ఆ తరువాత 2017లో సంస్థలు కలిసి బాధ్యతాయుత అభ్రక కూటమిని ఏర్పరిచాయి, మరికొన్ని సంస్థలు ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అనే కృత్రిమ అభ్రకానికి మారాయి. పట్టికలో సింథటిక్ ఫ్లోర్‌ఫ్లోగోపైట్ అని రాసి ఉండేది అదే. పేరులో ఫ్లోర్ ఉన్నా అది ఖనిజంలో బంధించి ఉన్న ఫ్లోరిన్, పీఫాస్ కుటుంబానికి చెందినది కాదు. కృత్రిమమన్న మాట వినగానే ముఖం తిప్పుకునేవారికి ఇక్కడ కృత్రిమమే పిల్లల చేతులు తగలనిదన్న సంగతి తెలియాలి. అయితే అందరూ కృత్రిమానికే మారితే, ఏరిన తునకలే కూడు పెట్టే కుటుంబాల గతి ఏమిటన్న ప్రశ్న అలాగే ఉంటుంది. ఆ గనులను చట్టబద్ధం చేసి, పెద్దలకు కూలి, పిల్లలకు బడి కల్పించడం ప్రభుత్వాల పని గాని లిప్‌స్టిక్ కొనేవారి పని కాదు.

క్రీములు, లిప్‌స్టిక్‌లకు ఆధారమైన కొవ్వుల్లో పెద్ద భాగం పామాయిల్ నుంచి వస్తుంది. కాని గ్లిజరిన్, స్టియరిక్ యాసిడ్, సిటైల్ ఆల్కహాల్ అన్న పేర్లు వాటి మూలం తాటిజాతి చెట్టో మరొకటో చెప్పవు. ఇండోనేషియా, మలేషియాల్లో ఈ తోటల కోసం వర్షారణ్యాలు నరికివేసిన చరిత్ర ఉన్నది. బాధ్యతాయుతమైన సాగుకు ధృవీకరణ ఇచ్చే సంస్థ 2004లో ఏర్పడింది. ఏలూరు పరిసరాల్లో, ఖమ్మం ప్రాంతంలో సాగయ్యే ఆయిల్‌పామ్ ప్రధానంగా అంతకుముందు నుంచీ సేద్యంలో ఉన్న నీటిపారుదల భూముల్లో పెరుగుతున్నది, దాని ముందున్న ప్రశ్న అడవిది కాదు, నీటిది. ఆముదం ఈ లెక్కలో మెరుగైనది: మెట్ట భూముల్లో పండుతుంది, ప్రపంచానికి కావలసిన ఆముదంలో అధిక భాగం భారతదేశమే, ముఖ్యంగా గుజరాత్ అందిస్తుంది, లిప్‌స్టిక్‌లో రంగును సమానంగా కలపడంలో దానికి సాటివచ్చే నూనెలు తక్కువ. అటువంటి ఆముదం కూడా కొందరికి పెదవుల వాపు, పగుళ్లు తెప్పించగలదు. రెండు ప్రశ్నలూ వేర్వేరని చెప్పడానికి ఇంతకంటే సూటియైన ఉదాహరణ అవసరం లేదు.

ముద్రల విషయానికి వస్తే, వాటికి ఉన్న విలువ ఒకటి కాదు. కాస్మోస్ అనే ఐరోపా ప్రమాణం ముడిసరుకు మూలాన్ని, తయారీ పద్ధతిని తనిఖీ చేస్తుంది, అలర్జీ రాదని హామీ ఇవ్వదు. రంధ్రాలు పూడ్చదని చెప్పే నాన్ కామిడోజెనిక్ అన్న మాటకు చట్టపరమైన నిర్వచనం లేదు. దాని పుట్టుక కుందేలు చెవి మీద చేసిన పరీక్షల్లో ఉన్నది, మనిషి ముఖం కుందేలు చెవి అంత సున్నితం కాదు. జంతువులపై పరీక్షించలేదన్న ప్రకటన భారతదేశంలో తయారైన వస్తువు మీద ప్రత్యేకత కాజాలదు, 2014 నుంచి ఇక్కడ అటువంటి పరీక్షలు నిషిద్ధం. పర్యావరణహితం, గ్రీన్ వంటి మాటలకు ఆధారాలు చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు విడుదల చేసింది గనుక, ఆధారం అడిగే హక్కు ఇప్పుడు కొనేవారికి ఉన్నది.

పెట్టెలో వస్తువులు ఎంత తక్కువైతే రెండు ప్రశ్నలకూ జవాబు అంత మెరుగవుతుంది. అద్దం, అయస్కాంతం, ప్లాస్టిక్, లోహం అతికించి చేసిన కాంపాక్ట్ డబ్బాను వేరుచేసి తిరిగి వాడటం దాదాపు అసాధ్యం కాబట్టి, లోపలి బిళ్లను మాత్రమే మార్చుకునే వీలున్నవి మేలు. తెరిచిన డబ్బా గుర్తులో 6 ఎం, 12 ఎం అని రాసి ఉంటే, మూత తీసిన తరువాత అన్ని నెలలే వాడాలని అర్థం. మస్కారాను మూడు నెలలు దాటి ఉంచుకోకూడదు. కొత్త వస్తువును ముఖానికి పూసేముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం రోజులు రాసి చూడటం నమ్మదగిన పరీక్ష. అప్పటికీ దురద, ఎరుపు, వాపు కనిపిస్తే వాడకం ఆపి చర్మవైద్యుని సంప్రదించాలి. అనుమానించిన పదార్థాలను చిన్న పట్టీలతో వీపుమీద రెండు రోజులు అంటించి ఉంచి చూసే పరీక్షకు పట్టిక ఆధారం కాబట్టి, వాడినవారు ఆ డబ్బాను, దాని అట్టపెట్టెను పారేయకుండా వెంట తీసుకువెళ్లాలి.